బైబిల్ కంటే పాత వరద

గురువారం, సన్నీవేల్

లేదక్కా, నా టైమ్ అయిపోలేదు. "హైస్కూల్ మానేసి ఏడేళ్లయిందిరా, ఇప్పుడు కాలేజీ ఏంటి?" అని నిన్న డిన్నర్ దగ్గర నవ్వావు కదా, ఇవాళ దొరికింది జవాబు.

డెలివరీ వ్యాన్‌లో ఒక లెక్చర్ విన్నాను. విక్టోరియా రాణి రోజుల్లో లండన్‌లో చాలామంది బైబిల్ లెక్కన మనుషుల కథంతా ఆరు వేల ఏళ్లదే అనుకునేవారట. అప్పుడు ఒకాయన పాతకాలపు బాబిలోన్ కథ రాసున్న మట్టి పలక చదివాడు. అందులో బైబిల్లో ఉన్నట్టే లోకాన్ని ముంచేసే వరద కథ ఉంది, కానీ అది బైబిల్ కంటే ముందే పుట్టిన కథ. వాళ్ల వెనకున్న కాలం ఒక్కసారిగా ఎంత పొడుగైపోయిందో. చదివినాయన పద్నాలుగేళ్లకే బడి మానేశాడట. అది విని వ్యాన్ పక్కకి ఆపేశాను.

ఇక్కడి కాలేజీ ఈవెనింగ్ హిస్టరీ క్లాస్‌లో సీటుంది, హైస్కూల్ పూర్తికాకపోయినా తీసుకుంటారట. మళ్లీ మధ్యలో మానేస్తే నీ మొహం ఎలా చూడాలో... అప్లికేషన్ రాత్రి పన్నెండింటికి క్లోజ్, పది నిమిషాలే ఉన్నాయి. వెళ్లి ఫామ్ నింపాలి.