జకరయ్య జర్మనీ కోటు

బాపట్ల,
10-6-1986.

ప్రభువునందు ప్రియమైన తమ్ముడు జకరయ్యకు అక్క సుందరమ్మ దీవెనలతో వ్రాయునది. దేవుని దయవల్ల నేనూ, మీ బావ ఇస్సాకుగారూ బాగున్నాం. అక్కడ నువ్వు బాగున్నావా అని మాత్రం అడగను. అంత కోటు కప్పుకున్నవాడికి ఏమవుతుంది?

మే నెలలో నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఎవరో దొరగారు మద్రాసు వస్తుంటే ఆయన చేతికిచ్చి అక్కడ పోస్టు చేయించానన్నావు. సంతోషం. జర్మనీలో మోకాలి లోతు మంచు పడుతోందన్నావు. మే నెలలో! పిల్లలకు సోషలు చెప్పే మేష్టారివి, నువ్వు రాశాక నమ్మక ఛస్తామా? ఆ మంచు సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, చేపలు తాజాగా దొరుకుతున్నాయని పేజీ అంతా నింపావు. తిండి దగ్గర నువ్వు ఏ దేశంలో ఉన్నా ఒకటే.

మీ తమ్ముడు ఏ ఉద్యోగం మీద వెళ్ళాడండీ అని ఇక్కడ ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. ఉద్యోగం కాదండీ, చదువూ కాదండీ, అక్కడి చర్చివాళ్ళు పిలిచారు, పది నెలలు పొద్దునపూట వృద్ధాశ్రమంలో పని చేస్తాడు, సెలవుల్లో దేశం చూస్తాడు అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది. పనంటే ఏంటండీ అని మళ్ళీ అడుగుతారు. ముసలివాళ్ళ పక్కలు పరచడం, ప్లేట్లు కడగడం అని చెప్పాలి. అన్నమ్మ దుప్పటి దులపమంటే నడుం పట్టేసిందనే మొగుడివి నువ్వు. తాగిన గ్లాసు తాగినచోటే వదిలేస్తావు. నీ చేత సేవ చేయించుకోబోయే ఆ ముసలివాళ్ళ కోసం నేను విడిగా ప్రార్థన చేశాను.

నీ ప్రయాణం ఏర్పాట్లు తలుచుకుంటే నాకింకా ఒళ్ళు మండుతుంది. తెనాలిలో చెంచురామయ్య దగ్గర కోటు కుట్టించావు. ఆయన పుట్టి బుద్ధెరిగి కుట్టినవి జాకెట్లూ, పాదిరిగారి అంగీలూ. కంబళి గుడ్డ చేతిలో పెట్టి జర్మనీ కోటు కుట్టమంటే, పాపం, తనకు వచ్చిందే కుట్టాడు. పైన జాకెట్టు, కింద అంగీ. బాగుందక్కా అని అద్దం ముందు గుండ్రంగా తిరిగావు. ఒంటికి అలవాటు కావాలని ఏప్రిల్ ఎండలో అది తొడుక్కుని రేపల్లె పాసింజరులో కూర్చున్నావట. ఎవరో పెద్దావిడ నీకు మలేరియా అనుకుని, పడుకో నాయనా, పడుకో అని తను లేచి బల్ల ఖాళీ చేసిందట. సిగ్గు లేకుండా పడుకున్నావు కూడా.

అది చాలలేదు నీకు. చలి అలవాటు చేసుకుంటానని బాపట్లలో చేపలకు ఐసు తయారుచేసే చోటికి పోయి, దిమ్మల మధ్య కోటు వేసుకుని కూర్చున్నావు. పడవకు ఐసు కొనుక్కుందామని చీరాల దగ్గర రామాపురం నుంచి వచ్చిన పెద్దిరాజు నిన్ను చూసి, మేష్టారూ, మిమ్మల్నెవరన్నా చెడిపోకుండా ఇక్కడ దాచారాండీ అని అడిగాడట. ఆ మాటకు మీ బావ ఇప్పటికీ పడీపడీ నవ్వుతారు. నువ్వేమో పెద్దిరాజుతో స్నేహం కట్టి, ముక్కు కారుకుంటూ నా ఇంటికొచ్చి, జలుబు తగ్గేదాకా మిరియాల కషాయం కాయించుకున్నావు.

ఫోర్కుతో తినడం నేర్చుకోవాలని తెనాలి హోటల్లో ఇడ్లీని పొడిచావు. అది ఎగిరి పక్కాయన సాంబారులో పడింది. ఆయన తిట్టబోతుంటే, జర్మనీ వెళ్తున్నానండి అన్నావట. అదేదో రోగం పేరనుకున్నాడో ఏమో, ఆయన జాలిగా చూసి ఊరుకున్నాడు. దుగ్గిరాల పోయి పసుపు కొమ్ములు తెచ్చావు, జర్మనీవాళ్ళకు మన పులుసు రుచి చూపిస్తానని. తెచ్చింది నువ్వు. ఎండబెట్టి దంచి, జల్లెడ పట్టి, చేతులు పచ్చగా చేసుకుని చర్చికి వెళ్ళింది నేనూ అన్నమ్మా.

మన సంఘంవాళ్ళు నీకు సరిగ్గా సరిపోయారు. ఎవరైనా దూరదేశం అన్నారంటే చాలు, సాగనంపే ప్రార్థన కూడిక పెట్టేయాలి. వీసా వచ్చిందా, పాస్‌పోర్టు మీద ముద్ర పడిందా అని ఒక్కరు అడగరు. దండ చామంతులా బంతులా అని మాత్రం తర్జనభర్జనలు. నేను అడిగాను. ముద్ర పడ్డాక పెట్టించుకోరా అన్నాను. పిలిచింది సాక్షాత్తూ సంఘం అక్కా, ముద్రదేముంది, మద్రాసులో రైలు దిగి వేయించుకుని పోవడమే అన్నావు. కవరు మీద పోస్టాఫీసు ముద్ర అనుకున్నావు. తెనాలిలో ఒక కూడిక, బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి. మూడు చోట్లా మాట్లాడావు, మూడు చోట్లా ఏడ్చావు. రేపల్లెలో శాలువా కప్పబోతే కోటు విప్పనైనా విప్పలేదు.

ఇక అసలు సంగతి. వచ్చే సోమవారం రేపల్లెలో మీ బడి తెరుస్తారు. సెలవు మంజూరు కాకుండానే నువ్వు వెళ్ళిపోయావని మేనేజరుగారు మండిపడుతున్నారు. పోయిన శుక్రవారం అన్నమ్మను పిలిపించి, మీ ఆయన వస్తాడో, అక్కడే ఉండిపోతాడో నాకేం తెలుసమ్మా, సోమవారం పొద్దున మనిషి కనపడకపోతే ఆ పోస్టులో ఇంకొకర్ని వేసేస్తాను, బడి ఆవరణలో ఇల్లు కూడా వాళ్ళకే ఇవ్వాలి అన్నారట. జర్మనీ నుంచి సోమవారానికి ఎట్లా వస్తారండీ అని అన్నమ్మ ఆయన ముందే ఏడ్చేసింది. నీ దేశాటన బాగా సాగుతోందని తలుస్తాను.

అక్కడి ముసలివాళ్ళకు నా వందనాలు చెప్పు.

ఇట్లు,
నీ అక్క
సుందరమ్మ

తా.క. ఈ కవరు మీద స్టాంపు ఎందుకు లేదో, చేపల వాసన ఎందుకు వేస్తోందో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఇది జర్మనీ వెళ్ళదు. పెద్దిరాజు భార్య రత్తాలు తన గంపలో పెట్టుకుని రామాపురం తెచ్చి, వాళ్ళ వసారాలో కూర్చున్న నీ చేతికే ఇస్తుంది.

పోయిన శనివారం ఆమె ఎండుచేపలు అమ్ముకుంటూ మా వీధిలోకి వచ్చింది. మేష్టారు సరిగ్గా తినట్లేదమ్మా, సముద్రం కేసి చూస్తా కూర్చుంటన్నాడు, ఆ కోటు మా పిల్లలకి కప్పాడు, మీరన్నా వచ్చి తీసుకుపోండమ్మా అని నా గుమ్మంలో కళ్ళు తుడుచుకుంది. మద్రాసులో ముద్ర వెయ్యం పొమ్మన్నారటగా. మూడు ఊళ్ళలో దండలు వేయించుకున్న మెడ పెట్టుకుని వెనక్కి ఎట్లా పోనని అన్నావటగా. నీ ఉత్తరం పోస్టు చేసిన దొరగారు రొయ్యల లారీ డ్రైవరటగా. మేము నెలన్నరగా నీ జర్మనీని నమ్మాం. నేనింకా నమ్ముతున్నానని కాసేపు నువ్వూ నమ్మాలని పైదంతా కావాలనే రాశాను. నా కోపం ఇంకా తీరలేదు.

మొన్న ఆదివారం రేపల్లె వెళ్ళి అన్నమ్మకు నేనే చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆయన జర్మనీ వెళ్ళలేదని నాకు సిగ్గేం లేదొదినా, దండలేసినవాళ్ళ ముఖం చూడలేక నా ముఖం కూడా వద్దనుకున్నాడే అని పొయ్యి దగ్గరకు వెళ్ళిపోయింది. దానికి జవాబు నువ్వే వచ్చి చెప్పుకో.

ఈ ఆదివారం చీరాలలో బండి ఎక్కు. బాపట్లలో నేను ఎక్కుతాను. తెనాలిలో రేపల్లె బండి మారే దగ్గర అన్నమ్మ ఉంటుంది. పాదిరిగారికి కూడా చెప్పేశాను. క్షేమంగా తిరిగొస్తున్నాడు కదమ్మా, స్తుతి కూడిక పెడదామా అన్నారు. స్టేషనుకు ఎవరైనా దండ పట్టుకుని వస్తే నా చేతుల్తో తెంపేస్తానన్నాను. కోటు ఆ పిల్లలకే వదిలేసి రా. ఇక్కడ నీకు చలేం లేదు.