కలికుండ విత్తనం

అవ్వా,

నువ్వు పోయి ఇవ్వాళ్టికి ఏడాది. ఇవ్వాళే హైదరాబాదులో మా ఫ్యాక్టరీ పెద్ద ట్యాంకును ఆపేశాం. కోళ్ళ దాణాలో కలిపే లైసిన్ అనే పోషకాన్ని అందులో బ్యాక్టీరియాతో చేయిస్తాం. దాన్ని నీ కలికుండలాగే నడపాలని పట్టుబట్టింది నేనే. ఒకవైపు చక్కెర నీళ్ళు పోస్తూ, మరోవైపు తీసుకుంటూ, ఎన్నడూ ఖాళీ చేయకుండా. ఉద్యమం ఏడాది కాలేజీలు మూస్తే ఘన్‌పూర్‌లో నీ దగ్గరే ఉన్నాను కదా. రోజూ గంజీ, బియ్యం కడిగిన నీళ్ళూ కుండలో పోసేదానివి, పొద్దుటి అంబలికి కావలసినంత పుల్లటి కలి తీసేదానివి. "కుండ కడిగితే మల్ల పులుపు యాడికెల్లి తెస్తం బిడ్డా" అనేదానివి.

మా ట్యాంకులో బ్యాక్టీరియా బాగానే పెరిగింది, లైసినే రానురాను తగ్గిపోయింది. నీ కుండలో పులుపు అక్కడి బ్యాక్టీరియా సొంత పని. ఇక్కడ లైసిన్ మా కోసం చేసే వెట్టి. వెట్టి మానేసినవి తొందరగా పెరిగి, చేసేవాటికి చోటు లేకుండా చేశాయి. నువ్వుంటే "వెట్టి ఎన్నొద్దులు జేస్తరు బిడ్డా" అని నవ్వేదానివి.

ఇకమీదట ప్రతిసారీ ట్యాంకు కడిగి, విత్తనంగా తాజా బ్యాక్టీరియా వేసి, చక్కెర కొంచెం కొంచెంగా అందిస్తూ, చివరికి అంతా ఒకేసారి తీస్తాం.

"అసలు విత్తనం దాచినవా?" అని మా సారు అడిగాడు. ఐసుపెట్టెలో భద్రంగా ఉంది.

నీ దినాలనాడు పాత కుండలన్నీ బయట పారేశారు. కలికుండను బాపు దిబ్బ మీద పగలగొట్టాడు. ఒక గ్లాసెడు కలి తీసిపెట్టాలని మాలో ఎవరికీ తోచలేదు. ఇప్పుడు పొద్దున్నే అందరం చాయ్ తాగుతున్నాం.