నాలుగో గది ఫ్యాను

జనవరి 8
మమత వచ్చింది! దసరా సెలవుల తర్వాత రాకుండా పోయిన పిల్ల ఇవాళ మళ్లీ కాలేజీ గేటు దాటింది. తలుపు పక్క బెంచీలో కూర్చుంది. తలెత్తలేదు. రెండు పీరియడ్లుండి వెళ్లిపోయింది... అయినా సరే. నిరుడు నా ఎకనామిక్స్‌లో ఫస్టు మార్కు తనదే. హాజరులో తన పేరు రెండుసార్లు పిలిచా.

జనవరి 10
నా తెలివి తెల్లారినట్టే ఉంది. క్లాసులో భయమంటోంది కదా అని లైబ్రరీ వెనక గదిలో ఒక్కదాన్నే కూర్చోబెట్టి చిన్న పరీక్ష పెట్టాను. చీమ చిటుక్కుమన్నా వినిపించే చోటు, హాయిగా రాస్తుందనుకున్నా. పది నిమిషాలకే ఒళ్లంతా చెమటలు. "ఊపిరాడుతలేదు మేడం..." చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికింది. అవి నా టేబుల్ కిందే ఉన్నాయి.

జనవరి 11
చెప్పులు సంచిలో పెట్టుకుని వాళ్లింటికి వెళ్లా. తల్లి రాజమణి బీడీలు చుడుతోంది. మాట్లాడుతూ ఏడుస్తోంది, చేతులు మాత్రం ఆగవు. దసరా నుంచీ పిల్లకు నిద్ర లేదట, సరిగా తిండి లేదట, పొద్దంతా గోడవైపు తిరిగి పడుకుంటోందట. దసరాకు ముందే ఇంట్లో నాలుగు మరమగ్గాలు, వీళ్ల మాటలో సాంచాలు, పని లేక ఆగిపోయాయి. తండ్రి మగ్గాల పని వెతుక్కుంటూ మహారాష్ట్రలోని భీవండి వెళ్లాడు.
"మార్చిల పరీక్ష రాయకుంటె మేమిద్దరం గూడ ఆడికే పోతం మేడం. గీడ ఏమున్నది?"
పోనివ్వను!
డాక్టర్‌కు చూపిద్దామంటే రాజమణి బెదిరింది. "మనసు డాక్టరా? గల్లీల ఎరుకైతె ఎట్ల?"
సరే, జగిత్యాల పోదాం. అక్కడ మనల్ని ఎవరు గుర్తుపడతారు!

జనవరి 17
రాజమణి గల్లీ అంతటికీ పెండ్లికి పోతున్నామని చెప్పింది. చెప్పింది కాబట్టి పట్టుచీర. నన్నూ కట్టుకోమంది, కట్టుకున్నా! డాక్టరమ్మ గది ముందు బెంచీ మీద పెళ్లివాళ్లలా మేం. మమ్మల్ని చూసి చూసి మమత నవ్వింది. నిజంగా. నేను చూశాను.
డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడింది. ఆందోళన, కుంగుబాటు... జబ్బంది, బద్ధకం కాదంది. గోలీలు రాసింది, పదిహేను రోజులకోసారి తీసుకురమ్మంది.
తిరుగు బస్సులో రాజమణి మెల్లగా — "దిష్టనుకున్న మేడం. పిల్లను తిట్టిన... కొట్టిన గూడ."
చెయ్యి పట్టుకున్నా.

ఫిబ్రవరి 1
నిద్ర పడుతోందట. ఈ వారం మూడు రోజులు కాలేజీకి వచ్చింది. కోరుట్ల నుంచి అమ్మ ఫోన్ చేస్తే అరగంట మమత ముచ్చటే. "నా బాగోగులు ఎప్పుడడుగుతవే?" అంది.

ఫిబ్రవరి 4
రాలేదు. ఫోనూ ఎత్తలేదు.

ఫిబ్రవరి 9
దొరికింది! నోట్సు ఇద్దామని వెళ్తే, పక్కింటి సాంచాల షెడ్డు గోడకు వీపు ఆనించి చదువుకుంటోంది. అవతల చెవులు చిల్లులు పడే మోత.
"గీ సప్పుడుల ఎట్ల సదువుతున్నవే?" అని అరిచా.
"సప్పుడుంటెనే మంచిగుంటది మేడం. ఆగితెనే భయం. మా సాంచాలు ఆగినంకనే బాపు భీవండి పోయిండు."
నేనేమో తీసుకెళ్లి లైబ్రరీ గదిలో కూర్చోబెట్టాను! నెత్తిన మొట్టికాయ వేసుకున్నా.

ఫిబ్రవరి 10
డాక్టరమ్మకు ఫోన్. గుక్క తిప్పుకోకుండా చెప్పా. "మంచిగనే పట్టిన్రు మేడం. గని గోలీలు మాత్రం ఆపద్దు. సప్పుడు తోడు ఉంటది, మందు గాదు" అంది. సరే, సరే... నా తొందర నాకు తెలుసు.

ఫిబ్రవరి 16
నాలుగో గది ఫ్యాను! తిరిగితే గడగడా కొట్టుకుంటుంది. అక్కడ పాఠం చెప్పాలంటే మాకందరికీ విసుగు. సరిగ్గా దాని కిందే మమతను కూర్చోబెట్టి పాత పేపరిచ్చా. కదలకుండా మూడు గంటలు. మొత్తం రాసింది. చివర్లో ఇంకో కాగితం అడిగింది. ఇంకో కాగితం! స్టాఫ్‌రూంలో అందరికీ చాయ్ నేనే తెప్పించా.

ఫిబ్రవరి 27
పరీక్ష నంబర్లు అంటించారు. సెంటర్ మా కాలేజీయే. మమతకు నాలుగో గది! ఎవరికీ చెప్పుకోలేని సంతోషం. గది చూద్దామని పరుగున వెళ్తే — ఎలక్ట్రీషియన్ స్టూలెక్కి ఉన్నాడు. పరీక్షలకు ముందు ఫ్యాన్లు బాగు చేయమన్నారట.
"దిగు తమ్మీ, దిగు!"
"మేడం, గిది మస్తు సప్పుడైతది."
"గందుకే దిగుమంటున్న!"
పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ప్రిన్సిపాల్ గారు మొత్తం విని, "గా ఒక్కటి ఉండనియ్యి తియ్" అన్నారు.

మార్చి 5
మొదటి పరీక్ష. నాకు వరండా డ్యూటీ. చేతికందిన కాగితం మీద రాస్తున్నా, తర్వాత డైరీలో అతికించాలి.
పొద్దున భీవండి నుంచి తండ్రి ఫోన్. "రాయకున్నా ఏం గాదు బిడ్డా. నువ్వు మంచిగుంటె సాలు." మమత ఫోన్ నా చేతికిచ్చి, గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికెళ్లింది. గేటు దగ్గర రాజమణి నిలబడే ఉంది.
ఫ్యాను గడగడా తిరుగుతోంది. ఎంత బాగుందో!

కరెంటు పోయింది.
ఫ్యాను ఆగిపోయింది. కాలేజీ అంతా నిశ్శబ్దం. నేను లోపలికి వెళ్లకూడదు. ఇప్పుడు ఉరికొస్తుంది... ఆ చెప్పుల వైపే చూస్తున్నా. రాలేదు. ఇంకా రాలేదు.
లోపల చిన్న చప్పుడు. బెంచీ కింద ఎవరిదో కాలు — టక్, టక్, టక్... వాళ్ల సాంచాలు ఆడినట్టు.
"ఎవలది గా సప్పుడు?" ఇన్విజిలేటర్ గొంతు.
ఆగిపోయింది.
మళ్లీ మొదలైంది, ఇంకా మెల్లగా. కరెంటు రాలేదు.