మెట్లు దిగిన నాటకం

ప్రియమైన అక్కకు,

ముందు కూర్చో. ఆసుపత్రి నుంచి వచ్చీ రాగానే, చెప్పులైనా విడవకుండా నా ఉత్తరం చించుతావని నాకు తెలుసు. కూర్చున్నావా? సరే, విను. నేను వేసవి కళాశిబిరంలో చేరాను. నాటకం తరగతిలో.

అదే, మన బజారు చివర సభామందిరంలో ఏటా పెడతారే, బొమ్మలూ పాటలూ నాటకాలూ నేర్పి, ఆఖరున ఊరందరినీ పిలిచి ప్రదర్శన ఇస్తారే, ఆ శిబిరమే. ఇన్నేళ్ళుగా వాళ్ళ వేషాలకు గుండీలూ జరీ అంచులూ నా కొట్లోనే కొంటున్నారు. నా గుండీలన్నీ స్టేజి ఎక్కాయి. నేనే ఎక్కలేదు. ఈ ఏడు ఎందుకో ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మధ్యాహ్నం కొట్టు మూసేసి, నా చక్రాల బండి తోసుకుంటూ వెళ్ళిపోయాను.

గుమ్మం దగ్గర పేర్లు రాసుకునే ఆవిడ నన్ను చూడగానే మొహం చేటంత చేసుకుంది. "అమ్మయ్య, వచ్చారా! కుట్టుపని గది కుడివైపండీ" అంది.

"కుట్టడానికి రాలేదండీ. వేషం కట్టడానికి వచ్చాను" అన్నాను.

ఆవిడ చూపు నా మొహం మీంచి చక్రాల మీదికి, చక్రాల మీంచి మళ్ళీ మొహం మీదికి వచ్చింది. ఏమనాలో తోచక ఫ్యాను వేసింది. అప్పటికే అది తిరుగుతోంది, దాంతో ఆగిపోయింది. ఇంతలో లోపల్నుంచి నాటకం టీచరు వచ్చింది. నాకంటే చిన్నదే. "ఏం వేషం కావాలి మీకు?" అంది, అదేదో రోజూ జరిగేదే అన్నట్టు.

"మాటలున్నది ఏదైనా సరే. బేరాలాడీ ఆడీ నా గొంతు వీధి ఆ చివరికి వినబడుతుంది" అన్నాను.

"రేపట్నుంచి వచ్చేయండి" అంది. అంతే అక్కా, అంత సులువుగా.

కోప్పడాలనుంటే సగం పేజీలో కానిచ్చేసెయ్. మిగతా సగంలో మంచి మాట రాయి.

నీ
పిట్ట

*

ప్రియమైన పిట్టకు,

కూర్చునే చదివాను. చదివాక లేవబుద్ధి కాలేదు.

నీకేం తక్కువైందే? నీ కొట్టుంది, నీ సంపాదన ఉంది, వీధిలో నీ మాటంటే గౌరవం ఉంది. కోరి కోరి నలుగురి ముందుకూ వెళ్ళి నిలబడతానంటావేం? నిలబడతానని రాశాను చూడు, నా చెయ్యి కూడా నా మాట వినడం లేదు.

జనం సంగతి నీకు తెలీదు. నేను రోజూ వార్డులో చూస్తున్నాను. ఎదుట "అయ్యో" అంటారు, గుమ్మం దాటాక గుసగుసలాడతారు. నీ చెవిన అలాంటి మాట పడితే నేనిక్కడ అన్నం తినగలనా? తెర వెనక కూర్చుని మాటలు అందించే పని ఒకటి ఉంటుందట కదా. మా హెడ్ నర్సు చెప్పింది. అది అడుగు. నీ గొంతుకు పని దొరుకుతుంది, నిన్నెవరూ చూడరు.

నా సంగతులేం ఉంటాయి? వార్డు, హాస్టలు గది, మళ్ళీ వార్డు. మొన్న పక్క గది వాళ్ళంతా కలిసి ఎక్కడికో వెళుతూ నన్నూ రమ్మన్నారు. నాకెందుకులే అన్నాను. ఆదివారం నీకు ఉత్తరం రాసుకోవడమే నాకు విహారం.

ఎండలో తిరగకు. బండి బ్రేకు బిగించుకో.

అక్క

*

ప్రియమైన అక్కకు,

తెర వెనక పని అడగలేదు. ఏం అడిగానో చెబితే నవ్వుతావు. పరుగెత్తే వేషం అడిగాను!

నాటకంలో ఒక రాజు ఉంటాడు, ఎప్పుడూ నిద్రపోతుంటాడు. వరద వస్తోందని ఒక దూత ఊరి నాలుగు మూలలకూ పరుగులు తీసి చెబుతుంటే ఎవరూ నమ్మరు. టీచరు నాకు రాణి వేషం ఇవ్వబోయింది, సింహాసనం మీద కూర్చుంటే చాలని. "కూర్చోవడం నాకు బాగా అలవాటైన పనేనండీ, అది నేర్చుకోవడానికి శిబిరం దేనికి? దూత వేషం ఇవ్వండి" అన్నాను. రాజు వేషం రిటైరైన బస్సు కండక్టరు గారిది. బస్సు మోతకు ఆయన చెవులు సగం పోయాయి. చెయ్యి చెవికి ఆనించుకుని, "ఏమంటోంది?" అని అరిచారు. పక్కావిడ చెప్పింది. "ఇస్తే పోలా! ఈ గదిలో ఆ బండిని అందుకునే మొనగాడెవడో చూద్దాం" అన్నారు. పందెం పెట్టారు. ఈ గోడ నుంచి ఆ గోడకు. గచ్చు నున్నగా ఉంది అక్కా, నేను ఆ గోడ దగ్గర తిరిగి చూసేసరికి కాలేజీ కుర్రాళ్ళు సగం దారిలో ఉన్నారు.

అలా దూతనయ్యాను. రెండు వారాలు గాలిలో తేలాను. నిన్న మొదటిసారి అసలు స్టేజి మీద రిహార్సల్ అన్నారు. దాని మెట్లు నీకు గుర్తుండే ఉంటాయి, నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. నలుగురు మగవాళ్ళు వచ్చి, "ఏం పర్లేదమ్మా, మేమున్నాం కదా" అంటూ నన్ను బండితో సహా లేపారు. మంచివాళ్ళే. "నువ్వు ఆ కాలు పట్టు, ఇటు వంచు, గోడకు తగలనియ్యకు" అని వాళ్ళలో వాళ్ళు చెప్పుకుంటున్నారు, ఇల్లు మారేటప్పుడు బీరువాను మోసినట్టు. నేను గాల్లో వెల్లకిలా ఉండి పైకప్పును చూస్తున్నాను. నోట్లో ఒక్క డైలాగు మిగల్లేదు.

"దించండి" అన్నాను. దించారు. "ప్రదర్శన రోజు నన్నిలాగే అందరి ముందూ ఎత్తుతారా?" అని అడిగాను. పైగా ఆ స్టేజి మీద పరుగుకు చోటెక్కడ? రెండు చుట్లు తిప్పితే తెరలో పడతాను. "నేను పైకెక్కడం దేనికి? నాటకాన్నే కిందికి దించుదాం. హాలు మధ్యలో ఆడదాం" అన్నాను.

శిబిరం అధ్యక్షులు పళ్ళ డాక్టరు గారు. పోయినేడే సొంత ఖర్చుతో స్టేజికి ముఖమల్ తెర కుట్టించారు. నా మాట వినగానే పంటి నొప్పి ఆయనకే వచ్చినట్టు మొహం పెట్టారు. "స్టేజి ఉండగా నేల మీద నాటకమేమిటమ్మా? ఒక్కరి కోసం అంతా మార్చేస్తామా?" అన్నారు.

ఆ "ఒక్కరి కోసం" అన్న మాటకే బండి వెనక్కి తిప్పాను. ఇంటికి వచ్చేశాను. ఏం చేయమంటావు?

పిట్ట

*

పిట్టకు,

ఏం చేయమంటావని అడిగావు కనుక చెబుతున్నాను. ఎత్తనియ్యి. లేదా మానెయ్యి.

నీకు ఎనిమిదేళ్ళప్పుడు ఆ జ్వరం వచ్చి కాళ్ళు చచ్చుబడ్డాక, బండి కొనేదాకా బడికి నిన్ను నా వీపు మీదే మోశాను. ఎండలోనూ, వానలోనూ. నలుగురు మనుషులు ప్రేమగా ఎత్తితే బీరువాలా ఉందన్నావే, మరి అప్పుడు కూడా నీకలాగే ఉండేదా? ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదా?

ఇంతకంటే రాయలేను.

అక్క

*

ప్రియమైన, చాలా ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చదివి కొట్టు తెరవలేదు. ఏడ్చాను. ఆ తర్వాత నవ్వాను. నువ్వు మర్చిపోయావు కాబట్టి గుర్తుచేస్తాను.

నీ వీపు మీద ఉన్నప్పుడు నేను కుడి అంటే నువ్వు కుడికి తిరిగేదానివి. "అక్కా, ఆ కుక్కపిల్లను చూద్దాం" అంటే బడికి ఆలస్యమైనా ఆగేదానివి. గుర్రం అనేదాన్ని నిన్ను, సకిలించేదానివి కూడా. నువ్వు మోసేదానివి, నేను నడిపేదాన్ని. మనిద్దరం కలిసి నడిచాం. మొన్న ఆ నలుగురూ ఎత్తినప్పుడు ఎటు వెళ్ళాలో నన్నెవరూ అడగలేదు. తేడా అంతే అక్కా. అంతే, కానీ అదే నాకు సర్వమూ.

ఇక అసలు కబురు. మర్నాడు వెళ్ళనే వద్దనుకున్నాను. టీచరే కొట్టుకు వచ్చి, గుండీల డబ్బాల మధ్య స్టూలు మీద కూర్చుంది. "మీరు వచ్చేదాకా రిహార్సల్ లేదు. అధ్యక్షుల వారిని కూడా రమ్మన్నాను. కిందే ఆడి చూపిద్దాం" అంది.

హాల్లో కుర్చీలన్నీ గోడల వారకు జరిపారు. డాక్టరు గారు చేతులు కట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. నాటకం మొదలైంది. అక్కా, నేల మీద అందరం దగ్గరగా ఉండేసరికి కండక్టరు గారు మా పెదాలు చూసి ఒక్క మాట కూడా తప్పకుండా అందుకున్నారు. స్టేజి దీపాల్లో ఆయనకు ఎదుటివాళ్ళ మొహాలే కనబడవట, మాకెవరికీ చెప్పుకోలేదు. చంటిపిల్ల తల్లి ఒకావిడ, పాపను వదిలి పైకెక్కలేక వేషం మానేద్దామనుకుంటోంది. కింద అయితే పాపను పక్కనే పడుకోబెట్టుకుని తన వంతు రాగానే లేచింది. ఒక్కరి కోసం అన్నారే, లెక్క అక్కడే తప్పింది!

నేను మూల మూలకూ తిరిగి చివరికి డాక్టరు గారి మోకాళ్ళకు జానెడు దూరంలో బండి ఆపి, ఆయన కళ్ళలోకి చూస్తూ అన్నాను: "అయ్యా, వరద వస్తోంది. లేవండి!"

ఆయన లేచారు! నిజంగా, ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు. హాలు నవ్వుతో దద్దరిల్లింది. ఆయనా నవ్వేశారు. అంతలోనే దిగులుగా, "మరి నా తెర?" అన్నారు.

పాపం అనిపించింది. అప్పుడు కండక్టరు గారు, "దానికేముందండీ! సగం మంది ప్రేక్షకుల్ని స్టేజి మీద కూర్చోబెడదాం. తెర లేస్తే వాళ్ళు కనబడాలి మనకు. మెట్లెక్కగలిగినవాళ్ళే మెట్లెక్కుతారు, ఎక్కలేనివాళ్ళను ఎక్కించడం దేనికి?" అన్నారు. డాక్టరు గారు ఆయన వంక చూసి చూసి, "ఆ తెర తాడు మాత్రం నేనే లాగుతాను" అన్నారు.

వచ్చే ఆదివారమే ప్రదర్శన. రా అక్కా. చూడడానికి రా. మోయడానికైతే మాత్రం రావద్దు.

నీ
పిట్ట

*

ప్రియమైన పిట్టకు,

పొద్దున రైలు దిగి, డ్యూటీ ముగించి గదికి వచ్చి, దీపం వేసి, చెప్పులు విడిచి, కూర్చుని రాస్తున్నాను. నీ ఉత్తరానికి జవాబు రాయకుండా తిన్నగా వచ్చేశాను కదా, అక్కడేమో జనం మధ్య నీతో నాలుగు మాటలకు కూడా చోటు దొరకలేదు. ఇప్పుడు చెబుతాను.

మోయడానికి రావద్దన్నావు. అయినా నేను మోయడానికే వచ్చాను. తలుపు దగ్గర, ఎటు నుంచైనా పరుగెత్తడానికి వీలుగా ఉన్న చోట కూర్చున్నాను. తెర లేచింది. స్టేజి మీద కూర్చున్న జనం తెల్లబోయి మనల్ని చూశారు, మనం వాళ్ళను చూశాం, అందరం ఒక్కసారే నవ్వాం. ఆ తర్వాత నువ్వు వచ్చావు. నిన్నలా నేనెప్పుడూ చూడలేదే. చిన్నప్పటి నుంచీ నిన్ను నా మెడ వెనకే చూశాను కదా, ఎదురుగా దూసుకొస్తుంటే ఎలా ఉంటావో నాకేం తెలుసు?

వరద కోసం పరిచిన ఆ నీలం గుడ్డ నీ చక్రంలో చుట్టుకుంది చూడు, బండి పక్కకు వాలింది. నేను లేచి నిలబడ్డాను. చేతులు వాటంతటవే ముందుకు చాచుకున్నాయి. అయితే నీ పక్కనే ఉన్న ఆ కాలేజీ కుర్రాళ్ళు కదల్లేదు. కండక్టరు గారు కదల్లేదు. భయంతో కాదు, నీ కోసం ఆగారు. నువ్వేం చేస్తావో చూస్తున్నారు. నువ్వు చెయ్యెత్తి, "మహారాజా! వరద నన్ను కూడా పట్టుకుంది. వదిలించుకుని వస్తున్నా, మీరు మాత్రం మళ్ళీ పడుకోకండి!" అని కేకేశావు. ఆ మాట నాటకంలో లేదని ఆనక టీచరు చెప్పేదాకా ఒక్కరికీ తెలీదు. జనం చప్పట్ల మధ్య నువ్వు వంగి, గుడ్డ లాగి పారేసి, మళ్ళీ పరుగందుకున్నావు.

నేను కూర్చుండిపోయాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. పక్కన కూర్చున్న ముసలావిడ, "మీకేమవుతుంది ఆ దూత?" అంది. "మా చెల్లెలు" అన్నాను. ఆవిడ వెనక్కి తిరిగి వరసంతా వినబడేలా, "దూత వాళ్ళ అక్కటర్రా!" అని చాటింది. ఇంతకాలం నువ్వు నర్సమ్మ చెల్లెలివి. ఆ సాయంత్రం నన్ను నీ పేరుతో గుర్తుపట్టారు. ఎంత బాగుందో చెప్పలేను.

చివర్లో డాక్టరు గారు ఇకమీదట నాటకాలన్నీ కిందే అని ప్రకటించినప్పుడు నువ్వు ఈల వేశావు. విన్నాను. ఎవరు నేర్పారే నీకు?

ఇంకొకటి. ఈ ఏడు చలికాలంలో కూడా శిబిరం పెడుతున్నారనీ, అందులో నాటకం తరగతి నిన్నే నడపమన్నారనీ నువ్వు చెప్పావు. నువ్వు జనంతో మాట్లాడుతుంటే నేను టీచరు దగ్గరికి వెళ్ళాను. ఆ తరగతిలో నాకు చోటుంటుందా అని అడిగాను. "మీకేం వచ్చు?" అంది. "మోయడం తప్ప ఏమీ రాదండీ" అన్నాను. ఆవిడ నవ్వలేదు. "అయితే మా దగ్గర కాస్త ఖాళీ చేతులతో ఉండి చూడండి. అందరూ ఏమీ రాకుండానే వస్తారు" అంది.

ఈ ఉదయం ఆ శిబిరం రోజులకు సెలవు అడిగాను, ఇచ్చారు. హెడ్ నర్సు నమ్మలేక రెండోసారి అడిగింది. పక్క గది వాళ్ళకు చెబితే, "మీరా! నాటకంలోనా!" అని నా మంచమెక్కి కూర్చున్నారు, కథంతా చెప్పేదాకా వదల్లేదు. ఇన్నేళ్ళలో నా గదిలో ఇంతమంది నవ్వడం ఇదే మొదలు.

అక్కనని మొహమాటపడకు. సరిగ్గా చేయకపోతే అందరితో పాటు నన్నూ కేకలెయ్. ఏ వేషమిచ్చినా వేస్తాను, మాటలున్నదైతే మరీ సంతోషం. ఆశీస్సులు రాయబోయాను, ఇప్పుడవి నువ్వివ్వాలి కాబోలు.

ఇట్లు,
నీ శిష్యురాలు,
అక్క