ఎక్కడికని అడగలేదు

కలకత్తా,
ఆదివారం పొద్దున.

అన్నయ్యకు నీ చెల్లెలు రమణి నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ నేను, మీ బావ, వదిన ముగ్గురం క్షేమం. వదిన క్షేమమన్న మాట ముందే రాశాను, గుర్తుపెట్టుకో. కింద చదివేటప్పుడు కంగారు పడతావు. అక్కడ నువ్వు, పిల్లలు, పెద్దమ్మ కులాసాయేనా? ఫోన్ చేయొచ్చుగా, ఈ ఉత్తరమేమిటి అనుకుంటున్నావేమో. నువ్వు ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఎరువుల కొట్లో బల్ల మీద పడేస్తావు. ఈ సంగతి సగం తిరువూరు వినాల్సిన పనిలేదు. పైగా వదినే అంది, "ఫోన్లో వద్దు. రాసివ్వు, నేనే పట్టుకెళ్తా" అని.

మేము ఇక్కడికొచ్చి ఎనిమిది నెలలైంది. ఉక్కపోత అలవాటైంది కానీ ఆవనూనె కూరలు ఇంకా గొంతు దిగడం లేదు. కుట్టుపని దగ్గర అందరూ మంచివాళ్లే, నా గురించి దిగులు పడకు. తెలుగు ముక్క వినపడదు, అంతే. అందుకే వదిన మూడు రోజులు చూసిపోవడానికి వస్తోందనగానే ఎగిరి గంతేశాను.

మొదటిరోజు గడప దాటుతుంటే నోరు జారి "ముందు ఎక్కడికి వదినా?" అన్నాను. ఆవిడ చెప్పులు విప్పేసింది.

"బయల్దేరే మనిషిని ఎక్కడికని అడుగుతారా ఎవరైనా? కలకత్తా వచ్చి అదీ మర్చిపోయావా?"

మంచం మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ బయల్దేరింది. ఈలోగా బస్సు పోయింది. రోజంతా నన్ను దెప్పుతూనే ఉంది.

రెండోరోజు సాయంత్రం గంగ ఒడ్డుకు తీసుకెళ్లాను. ఇక్కడ నదికి అటూ ఇటూ లాంచీలు తిరుగుతాయి. బల్ల మీద కూర్చుని మరమరాలు తింటున్నాం. వదిన లేచి, చేతిసంచీ నా ఒళ్లో పెట్టి "ఇది పట్టుకో" అంది. ఎక్కడికి వదినా అని నోటిదాకా వచ్చింది. ముందురోజు తిట్లు గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను. బాత్రూముకేమో అనుకున్నాను.

పావుగంట అయింది, అరగంట అయింది. బాత్రూము దగ్గర చూస్తే లేదు. ఫోన్ చేస్తే నా చేతిలోని ఆవిడ సంచీలోనే మోగింది. ఒడ్డు పొడుగునా వెతికాను అన్నయ్యా. ఆవిడకి తెలుగు తప్ప రాదు, మా ఇంటి అడ్రసు తెలియదు, ఈత రాదు. అంతలో మెట్ల దగ్గర జనం మూగారు. ఎవరో ఆడమనిషిని నీళ్లలోంచి పైకి లాగుతున్నారు. తోసుకుంటూ వెళ్లాను. స్నానానికి దిగి కాలు జారిన ముసలావిడ. ఆవిడకేమీ కాలేదు. వదిన కానందుకు దేవుడికి దణ్ణం పెట్టి, వెంటనే అలా పెట్టినందుకు సిగ్గుపడ్డాను.

అక్కడున్న పోలీసుకి ఫోన్లో వదిన ఫొటో చూపించాను.

"ఎక్కడికి వెళ్తానని చెప్పింది?" అన్నాడు హిందీలో.

"అడగలేదు సార్."

"ఇంట్లో మనిషి లేచి వెళ్తుంటే ఎక్కడికని అడగరా?"

ఆయనకేమని చెప్పను? నీకేమని చెప్పను? "నీ దగ్గరికే కదా, నాకేం భయం" అని నువ్వు విజయవాడలో రైలెక్కించిన మాట చెవుల్లో మోగింది. నీకు ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కి ఆపేశాను.

గంటన్నర తర్వాత అవతలి నుంచి లాంచీ వచ్చింది. ఆ జనంలో మామిడిపండు రంగు చీర. కమ్మీ పట్టుకుని, తాపీగా దిగింది వదిన. చేతిలో టికెట్టు ముక్క.

నేను నలుగురిలో ఉన్నానని కూడా చూడకుండా అరిచేశాను. ఏడ్చేశాను.

"అవతలికెళ్లి వచ్చా. అంతేగా," అంది.

"చెప్పి వెళ్లొచ్చుగా!"

"చెప్తే నువ్వూ వస్తానంటావు."

తిరిగి బస్సెక్కాం. తర్వాత తనే చెప్పింది. "కొంగున ముడేసుకున్న డబ్బులిచ్చి ఏటి వైపు చెయ్యి చూపిస్తే టికెట్టిచ్చాడు. మట్టి ముంతలో టీ తాగి, వచ్చేపోయే లాంచీలు చూస్తూ కూర్చున్నా. టైం తెలీలేదు. పెళ్లయి ఇరవై రెండేళ్లయింది రమణీ. గంపలగూడెం మా అమ్మ దగ్గరికెళ్లినా మీ అన్నయ్య బండి మీదే. ఆయన కూర్చోమంటే కూర్చోవడం, దిగమంటే దిగడం. ఒక్కసారి నా టికెట్టు నేనే కొనుక్కుందామనిపించింది."

నా కోపం ఇంకా పూర్తిగా పోలేదు. ఆ గంటన్నర నేను మర్చిపోను. అయినా ఆవిడ అన్నది తప్పని అనలేను. నువ్వు మంచివాడివే అన్నయ్యా. ఆవిడకి ఏ లోటూ చేయలేదు. నీకు తోచలేదు, అంతే.

పెద్దమ్మకి నా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. కారం వదిన తెచ్చింది, ఇంగువ మర్చిపోయింది. ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. మమ్మల్ని చల్లగా ఉండమని దీవించు.

ఈ కవరు నీ చేతికిచ్చి వదిన నీ ఎదురుగానే నిలబడి ఉంటుంది. కోప్పడాలనిపిస్తే నాకు ఫోన్ చేసి తిట్టు, పడతాను. ఆవిణ్ని మాత్రం ఏమీ అనకు. కాగితం మడిచి, కొట్టుకి తాళం వేసి, ఎక్కడికెళ్దామని అడుగు. ఆవిడ దగ్గర జవాబుంది. నాకు చెప్పలేదు.

నీ చెల్లెలు,
రమణి