అందని చెవి

జహీరాబాద్,
20 జూన్ 1977

తమ్ముడు గురులింగప్పకు,

శివుడు నిన్ను చల్లగా చూడాలి. ఇక్కడ నేనూ నీ కూతురు బసమ్మా బాగున్నాం.

ఈ ఏడు మా బాల్‌వాడి నుంచి తొమ్మిది మంది పెద్ద బడికి పోయారు. హెడ్మాస్టరు జగన్‌మోహన్ సారే వచ్చి పిల్లల్ని వరుసగా నిలబెట్టి చూశారు. కుడి చెయ్యి నెత్తి మీదుగా తెచ్చి ఎడమ చెవి ముట్టుకున్న వాళ్ళకే బడి. బసమ్మ చెయ్యి రెండు వేళ్ళంత దూరంలో ఆగిపోయింది. బడి ఈడు రాగానే హైదరాబాద్ తీసుకుపోతానన్నావు గదా, ఇంకో ఏడాది ఆగు. తల్లి లేని పిల్ల, తొందరేం లేదు.

నీ అక్క,
గిరిజ

*

జహీరాబాద్,
20 జూన్ 1978

తమ్ముడూ,

ఇది చదివి నన్ను కోప్పడినా సరే, రాయక తప్పదు.

నిన్న సారు మళ్ళీ వచ్చారు. బసమ్మ చెయ్యి పోయినేడు ఆగిన చోటే ఆగింది. "ఏం బిడ్డా, నీకు చెయ్యి పెరుగుతలేదా, తలకాయ ఒక్కటే పెరుగుతున్నదా?" అని సారు నవ్వారు. పిల్లలూ నవ్వారు. బసమ్మ నవ్వలేదు. నాకు మాత్రం లోపల హాయిగా ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

సారు పోయాక, పిల్లలకు ఉప్మా పెడుతూ మా ఆయా యాదమ్మ అంది. "గిదేం కత టీచరమ్మా? మొన్న గీ పిల్ల నెత్తి మీదికెల్లి చెయ్యి వెట్టి అటు చెవు కమ్మ తిప్పుకుంట కూసున్నది. గీ రెండు కండ్లతోటి చూసిన."

బసమ్మను పక్కకు పిలిచి అడిగాను. పలక తుడుచుకుంటూ, తల ఎత్తకుండా చెప్పింది.

"పొద్దుగాల్ల పూజల నువ్వే శివునికి చెప్తవు గద అత్తమ్మా, బసమ్మ చెయ్యి అందకుండ చూడు సామీ అని. గాయన వింటలేడు. చెయ్యి పెరుగుతనే ఉన్నది. గందుకే నేనే వేళ్ళు ముడుసుకున్న."

నిజమే తమ్ముడూ. రెండేళ్ళుగా అరచేతిలో లింగాన్ని పెట్టుకొని అదే అడిగాను. కోహీర్‌లో మన ఇంట్లో నిన్నూ చెల్లెళ్ళనూ పెంచి పంపాను. పన్నెండేళ్ళుగా ఈ పిల్లల్ని పంపుతున్నాను. బలపం పట్టడం, చెప్పులు గడప బయట విడవడం, అమ్మ కోసం ఏడవకుండా కాసేపు కూర్చోవడం, అన్నీ నేర్పి పంపడమే నా పని. మధ్యాహ్నం అందరూ ఎవరిళ్ళకు వాళ్ళు పోతే, ఒక్క పిల్ల నా కొంగు పట్టుకొని నా ఇంటికి వచ్చేది. ఆ ఒక్కదాన్ని నాకు ఉంచమన్నాను. పక్కనే పిల్ల కూర్చుందన్న ధ్యాస లేకపోయింది. పోయినేడు శివుడు విన్నాడనుకొని రెండు దీపాలు ఎక్కువ పెట్టాను. అప్పుడు కూడా వేళ్ళు ముడిచిందేమో, అడిగే ధైర్యం లేదు.

రేపు నేనే బడికి తీసుకుపోతాను.

గిరిజ

*

జహీరాబాద్,
22 జూన్ 1978

తమ్ముడూ,

నిన్న బడికి పోయాం. చెయ్యి ఎత్తే ముందు బసమ్మ నన్ను చూసింది.

"పొద్దుగాల శివునికి చెప్పిన గద బిడ్డా, అందాలె అని. నువ్వు గూడ విన్నవు," అన్నాను.

చెయ్యి చాచింది. చెవి మొత్తం అరచేతిలోకి వచ్చింది. సారు "సాలు సాలు, దించమ్మా" అన్నా దించలేదు. నా వైపే చూస్తూ నిలబడింది. నేను తల ఊపాక దించింది. బడి ఈడు వచ్చిందని సారు చీటీ రాసిచ్చారు. ఆదివారం వచ్చి తీసుకుపో. అక్కడి బడిలో మొదటి వారం ఏడుస్తుంది. బలపం చేతికిచ్చి ఊరుకో, అదే సర్దుకుంటుంది.

ఇవాళ పూజ నోట్లోనే చేసుకున్నాను. బసమ్మ దగ్గరికి జరిగి నా పెదవుల దగ్గర చెవి పెట్టింది.

"ఇనవడతలేదు అత్తమ్మా. ఏమడుగుతున్నవ్?"

ఏమీ అడగడం లేదని చెప్పాను. పూజలో కూర్చొని అబద్ధం చెప్పడం నాకు ఇదే మొదలు.

అక్క,
గిరిజ