తలుపుకానించిన చీపురు

బంగారు చెల్లెలు సైమికి,

ఉత్తరాది మంచులోంచి మీ అన్నయ్య కోటి ముద్దులు పంపుతున్నాడు. ఇక్కడ మధ్యాహ్నానికే లోకమంతా నీలమైపోతుంది. మా ఇల్లు మబ్బులో తేలుతున్నట్టుంటుంది.

అంత అందంలోకి కాపురం వచ్చినా పది రోజులు మా గుమ్మం ఎవరూ తొక్కలేదు. మంచులో అడుగుజాడలు గేటుదాకా వచ్చి వెనక్కి తిరిగిపోయేవి. "మనం వీళ్ళకి నచ్చలేదు నాన్నా, నా పిల్లలకి ఒక్క నేస్తం లేడు. ఆదివారం తిరిగి మన టుర్కు పట్నానికే పోదాం" అంది మా అమ్మాయి సిర్పా. సామాను పెట్టెలు విప్పనేలేదు.

నిన్న పొద్దున మెట్ల మీద మంచు ఊడ్చి, రోజూలాగే చీపురు తలుపుకి ఆనిస్తున్నాను. పక్కింటి ముసలమ్మ హిల్కా దారిలోంచి కేకేసింది.

"ఏమయ్యోయ్, ఇంట్లో ఉండి చీపురు ఆనిస్తావేం? ఇక్కడ దానర్థం ఇంట్లో ఎవరూ లేరని! పొగేమో వస్తోంది, చీపురేమో పొమ్మంటోంది. మేం మీకు అక్కర్లేదనుకున్నాం!"

ఓరి దేవుడో, ఊరందరినీ వెళ్ళగొట్టింది నేనే! చీపురు మంచులోకి విసిరేశాను. సాయంత్రానికి ఇల్లంతా జనం. కొత్తింటికి శుభమని ఇంటికొక రొట్టె, ఇంత ఉప్పు తెచ్చారు. ఎవరి పిల్లలో తెలియకుండా అందరూ బల్లకింద దొర్లుతున్నారు. కప్పులు చాలక సిర్పా నవ్వుతూ పెట్టెలన్నీ విప్పేసింది.

మేం తిరిగొస్తామేమోనని టుర్కులో నువ్వు ఖాళీగా ఉంచిన గది ఇంకెవరికైనా ఇచ్చెయ్యి తల్లీ.

ఆనందం పట్టలేని
మీ అన్నయ్య